ఆయన నోటుబుక్కు

ఇది జరిగి మూడేళ్ళయింది. అప్పుడే రాద్దామంటే నాకు అక్షరాలు రావు.

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట పోయే బస్సులో నా పక్కన ఒక ముసలాయన కూర్చున్నాడు. సిగ్నల్ దగ్గర బస్సు ఆగితే, చిల్లుల ఇటుక గోడ ఉన్న పాత ఆఫీసు బిల్డింగు చూపించి, "గిది నేను కట్టిన," అన్నాడు. సంచిలోంచి నోటుబుక్కు తీశాడు. ఆయన జీవితమంతా ప్లాన్లు గీసిన ఇళ్ళు, కాలేజీలు, సినిమాహాళ్ళు అందులో ఉన్నాయి. పేజీకొక బొమ్మ, కింద పేరు.

"సిటీ అంత నువ్వే కట్టినవా తాతా?" అని కండక్టరమ్మ నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. "గా గోడకు ఇటుకలు మోసింది నేను సార్," అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. "ఎండకాలం లోపల సల్లగ ఉండెనా అమ్మా?"

"మస్తు సల్లగుండె. గా గోడ నీడలనే అన్నం తింటుంటిమి."

ఆయన సంబరపడి ఆ మాట కూడా నోటుబుక్కులో రాసుకున్నాడు.

నాకు కడుపు మండింది. నేను మోసిన బిల్డింగులు సగం నాకే గుర్తు లేవు. గుర్తున్న ఒక్క మాటా ఆయన పుస్తకంలోకి పోయింది.

మర్నాడు పొద్దున్నే మనవరాలిని నోటుబుక్కు అడిగాను.

"చెప్పు నాయనమ్మా, రాస్త," అంది.

"నువ్వు రాస్తే నీదైతది," అని పెన్సిలు నేనే తీసుకున్నాను. "నా చెయ్యి పట్టుకొని రాయించు."