ఇరవై నాలుగు పౌండ్ల బిగువు

రాకెట్ సంచికి గుచ్చిన చీటీ మీద ఆవిడ ఇరవై నాలుగు అని రాసింది. నేను ఇరవై తొమ్మిది పెట్టాను. పొరపాటున కాదు, తెలిసే పెట్టాను.

కువైట్‌లోని అర్దియాలో గిడ్డంగుల మధ్య ఉన్న బాడ్మింటన్ హాల్లో నేను రాకెట్లకు గట్టింగ్ చేస్తాను, అంటే గట్ తీగలు అల్లి బిగిస్తాను. గోదావరి జిల్లాలో ఒకప్పుడు మా కుటుంబానికి మూడు ఊళ్ళుండేవి. ఇప్పుడు నాకు ఈ మెషీను, ఒక ఎత్తు స్టూలు ఉన్నాయి. ఆ స్టూలు మీద నడుం వంచకుండా కూర్చుంటాను. భూములన్నీ పోయాక కూడా మా నాన్నగారు వడ్డనలో నేతి గిన్నె చిన్నది చెయ్యనివ్వలేదు. తగ్గించడమంటే ఒప్పుకోవడమే అనేవారు. నేనూ ఆ ఇంటి బిడ్డనే.

ఆవిడ చైనా క్రీడాకారిణి. ఏడేళ్ళప్పుడే క్రీడల హాస్టల్లో చేర్చారట. పంతొమ్మిదేళ్ళకు జాతీయ జట్టు రెండో వరసలోకి వచ్చింది. అక్కడే భుజం దెబ్బతింది. మళ్ళీ సొంత రాష్ట్రపు జట్టుకు, అక్కడి నుంచి ఏదో దేశంలో లీగుకు, ఇంకో దేశానికి, చివరికి ముప్పై రెండేళ్ళకు విజిట్ వీసా మీద కువైట్‌కు వచ్చింది. హాలు యజమాని, అంటే మా కఫీల్, ఆవిడకు ఒకటే మాట చెప్పాడు. శుక్రవారం మలేషియా అమ్మాయితో ఆడి గెలిస్తే కోచ్ ఉద్యోగం, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా. ఓడితే ఆదివారం విమానం.

ఆ ఆటకోసం ఇచ్చిన రెండు రాకెట్లు నా బల్ల మీదున్నాయి. ఇరవై నాలుగా? డబ్బున్నవాళ్ళ పేట సల్వా నుంచి సరదాకి ఆడటానికి కార్లలో వచ్చే పిల్లలకు కట్టే బిగువది! చైనా జట్టుకు ఆడిన మనిషి రాకెట్ మీటితే గంటలా మోగాలి. అంతమంది ముందు ఆవిడ చిన్నబోకూడదనుకున్నాను. ఆవిడ పరువు నేను నిలబెడుతున్నాననుకున్నాను.

శుక్రవారం ఆవిడ తన పాత రాకెట్‌తోనే మొదలుపెట్టింది. మూడో పాయింటుకు దాని గట్ తెగింది. నేను కట్టినదొకటి తీసింది. అంతే, అక్కడి నుంచి వెనక గీత దాకా పోవలసిన షటిల్ కోర్టు నడిమధ్యలోనే దిగడం మొదలైంది. గట్ బిగిసేకొద్దీ షటిల్‌ను దూరం పంపడానికి భుజబలం ఎక్కువ కావాలి. మలేషియా అమ్మాయి ఎగిరి ఎగిరి కొట్టింది. మొదటి గేము పదకొండుకే పోయింది. ఆవిడ భుజం నొక్కుకుంటూ, గట్‌ను గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకుని వింది. తర్వాత నేరుగా నా వైపు చూసింది.

గేముకూ గేముకూ మధ్య రెండే నిమిషాలు. కోర్టు అంచుకు వెళ్ళి నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను.

"ఇరవై తొమ్మిది పెట్టాను. తప్పు నాది."

ఆ రెండో మాట మా వంశంలో అంతకుముందు ఎవరైనా అన్నారో లేదో నాకు తెలియదు.

"ఎందుకు?"

"మీ స్థాయికి ఇరవై నాలుగు తక్కువనిపించింది."

తిడుతుందనుకున్నాను. నవ్వింది. "ఏడాదికో పౌండు తగ్గిస్తాను. అందుకే ఇంకా ఆడుతున్నాను." రెండో రాకెట్ నా చేతిలో పెట్టింది. "ఎంతసేపు?"

"ఇరవై నిమిషాలు."

"ఇరవై నిమిషాలు నేను చావను. యల్లా!"

పరుగెత్తాను. గట్లు కోసి పారేసి, మెషీను ఇరవై నాలుగుకు తిప్పి, మధ్య నుంచి నిలువు గట్లు మొదలుపెట్టాను. కోర్టు తుడిచే కడపాయన తుడుపుకర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏం సామీ, నీ దొరతనం ఆయమ్మ రాకెట్‌కు గూడా కట్టినావా?"

"స్కోరు చెప్పు!"

"మూడు, ఆరు. ఆయమ్మే వెనకుండాది."

నిలువు అయింది. అడ్డం మొదలుపెట్టాను. ఒకదాని పైనుంచి, ఒకదాని కిందనుంచి. వేలి చివర తెగింది, చొక్కాకు తుడుచుకున్నాను.

"ఆయమ్మ ప్రతి షటిలూ పైకప్పుకు లేపుతాండాది సామీ! ఆ పిల్ల తల ఎత్తలేక చస్తాంది." అంతలో లోపలి నుంచి ఎవరో పిలిచారు. వెళ్ళి, వగరుస్తూ తిరిగొచ్చాడు. "ఆయమ్మే, నేల తుడవమంటాది. చెమట చుక్క ల్యాకపాయె! అయినా మెల్లిగా తుడిచినాలే."

"ఇంకోసారి పిలిస్తే ఇంకా మెల్లిగా తుడువు."

"అది నువ్వు చెప్పాల్నా? ఏం సామీ, నడుం వంచినావే! ఫోటో తీసుకోనా?"

అప్పుడు చూసుకున్నాను. స్టూలు ఎక్కడో పడి ఉంది. నేను మెషీను మీదకు ఒంగిపోయి, ముక్కు గట్‌కు ఆనేంత దగ్గరగా ఉన్నాను.

"పదిహేడు, పంతొమ్మిది! ఇంక రెండు పోతే ఖలాస్! బిన్నా కానీ సామీ!"

చివరి ముడి పళ్ళతో లాగి బిగించి పరుగెత్తాను. ఆవిడ నా వైపు చూడను కూడా చూడకుండా చెయ్యి చాచింది, రాకెట్ అందుకుంది, సర్వీసుకు వెళ్ళింది.

మొదటి దెబ్బకు గంట మోగలేదు. 'థప్' అని మెత్తటి చప్పుడొకటి వచ్చింది. కానీ ఆ షటిల్ ఎక్కడికి పోయిందని! నేరుగా వెనక గీత మీదికి! మలేషియా అమ్మాయి మొదటిసారి వెనక్కి పరుగు తీసింది. పద్దెనిమిది. పంతొమ్మిది. ఇరవై, ఇరవై. హాలంతా లేచి నిలబడింది. ఇరవై రెండు! కడపాయన తుడుపుకర్రను పైకెత్తి ఊపుతున్నాడు. నేను అరుస్తున్నాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

మూడో గేములో ఆవిడ భుజాన్ని కష్టపెట్టలేదు. గట్టిగా కొట్టబోతున్నట్టు చెయ్యెత్తి, వలను దాటగానే రాలిపోయేలా షటిల్‌ను వదిలింది. ఆఖరి పాయింటు కూడా అలాగే. ఎదుటి అమ్మాయి నేల మీద పడి చెయ్యి చాపినా అందలేదు. కఫీల్ కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు.

ఆదివారం విమానం ఆవిడ లేకుండానే వెళ్ళింది.

ఇప్పటికీ స్టూలు మీద నిటారుగానే కూర్చుంటాను. ఈ ఏడాది ఆవిడ సంచికి గుచ్చిన చీటీ మీద ఇరవై మూడు అని ఉంది. మెషీను ఇరవై మూడుకు తిప్పాను.