పథ్యం విడవమన్న మాట

ఒక్క మాటని ఇన్నేళ్ళూ కడుపులో దాచుకుని బతికాను. బరువండి, చాలా బరువు. తింటున్నా, పడుకున్నా, మనవల్ని ఒళ్ళో కూచోబెట్టుకున్నా అది నాతోనే ఉంది. మీరెవరో నాకు తెలీదు. తెలిసినవాళ్ళకి చెప్పే ధైర్యం లేకే మీకు చెబుతున్నాను. ఈ నాలుగక్షరాలూ నాకు నేర్పింది మా ఇంటాయనే. నేను అన్యాయం చేసిందీ ఆయనకే.

మాది ధవళేశ్వరం కాలవ కింద పల్లెటూరు. మా అత్తగారి కాలంలో అందరూ చోళ్ళూ గంటెలూ, అదే రాగులూ సజ్జలూ, తిన్నవాళ్ళేనట. ఆనకట్ట కట్టి కాలవ నీళ్ళొచ్చాక వరి పండింది, ఇంటింటా తెల్లన్నం ఉడికింది. దాంతో చోడంబలి కూలికెళ్ళేవాళ్ళ తిండైపోయింది. రైతుకి పొట్ట ఉంటేనే గాదె నిండా ధాన్యం ఉన్నట్టు లెక్క. మా ఆయనకి ఆ పొట్ట బాగానే వచ్చింది. దాంతోపాటు మోకాళ్ళు పట్టేశాయి. చేలో నాలుగడుగులు వేస్తే ఆయాసం.

పిఠాపురంలో ఒక వైద్యులు గారుండేవారు. ఆయన నాడి చూసి, మందుకన్నా ముందు ఒళ్ళు తగ్గాలన్నారు. పొద్దున్నే చోడంబలి, మజ్జిగ. అన్నం ఒక్కపూటే, అదీ ఆకుకూరతో. నెయ్యీ పిండివంటలూ వద్దు. ఎండెక్కకముందే కాలవ గట్టు మీద లాకుల దాకా నడిచి రావాలి. మా ఆయన చిన్నపిల్లాడిలా మూతి ముడుచుకున్నారు గానీ, చేశారు. ఒళ్ళు తగ్గేకొద్దీ మొలతాడు జారిపోయేది, నేనే బిగించి ముడేసేదాన్ని. ఆ ఏడు కోరుకొండ గుడి మెట్లు గబగబా ఎక్కేసి, పైన నిలబడి నన్ను చూసి నవ్వారు. నేనింకా సగం దారిలోనే ఉన్నాను.

అంత బాగుపడ్డ మనిషిని నేనేం చేశానో వినండి.

మా పుట్టింట్లో పెళ్ళయింది. బంతిలో కూచున్న ఆడవాళ్ళు ఆయన్ని చూసి గుసగుసలాడారు. అల్లుడు అంతలా చిక్కిపోయాడేంటి, పొలం గానీ అమ్ముకున్నారా అంది ఒకావిడ. మొగుడికి కూలివాళ్ళ అంబలి పోసి తను నెయ్యేసుకు తింటోందేమో అంది మా పెద్దమ్మ, నాకు వినపడేలాగే. తల కొట్టేసినట్టయింది. ఆయన నొప్పుల్లేకుండా నడుస్తున్నారన్న సంగతి నాకు ఆ క్షణాన గుర్తు రాలేదు. నా పరువే గుర్తొచ్చింది.

తర్వాత కొన్నాళ్ళకి పురుహూతికమ్మ దర్శనానికి మా తమ్ముడితో పిఠాపురం వెళ్ళాను. పథ్యం ఎన్నాళ్ళో వైద్యులు గార్ని కనుక్కురమ్మన్నారు మా ఆయన. తమ్ముడు బండి దగ్గరే ఉన్నాడు, నేనొక్కదాన్నే వైద్యులు గారింట్లోకి వెళ్ళాను. మా ఆయన ఒళ్ళు తగ్గి నడుస్తున్నారని విని వైద్యులు గారు చాలా సంతోషించారు. ఇది నెలకో రెండు నెలలకో అయ్యేది కాదమ్మా, మళ్ళీ ఒళ్ళొస్తే ఈసారి గుండె మీదికొస్తుంది, ఉన్నన్నాళ్ళూ ఇలాగే సాగించమని చెప్పు అన్నారు. సరేనని దణ్ణం పెట్టి వచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి ఆయన అరుగు మీద కూచునున్నారు.

“ఏమన్నారే వైద్యులు గారు?”

“పథ్యం విడిచేయమన్నారండి. ఇంక మామూలుగా తినొచ్చట.”

“మరి నడక?”

“అదీ అక్కర్లేదట.”

ఆయన కాలవ గట్టు వైపు చూశారు.

“నాకు ఆ నడక బాగుందే” అన్నారు.

అంతే. వైద్యుల మాట దాటే మనిషి కాదు.

పరువు కోసం తిండి సంగతిలో అబద్ధమాడాను, సరే. నడక నన్నేం చేసింది? గట్టు మీద నలుగురూ ఆయన్ని చూస్తారనా? చూసి జాలిపడతారనా?

మర్నాడే తలంటి పోసి, గారెలు వండి, వేడన్నంలో గరిటెడు నెయ్యి వడ్డించాను. ఏడాది తిరక్కుండానే ఒళ్ళు మళ్ళీ వచ్చింది. ఊళ్ళోవాళ్ళు మనిషి కళగా ఉన్నాడంటుంటే, సిగ్గులేకుండా మురిసిపోయాను. మళ్ళీ ఆయాసం మొదలయ్యాక, ఓసారి పిఠాపురం వెళ్ళొద్దామా అని ఆయనే అడిగారు. కోతలవనివ్వండి అన్నాను. వెళితే నా మాట బయటపడుతుంది కదా. కోతలయ్యాక కుప్పనూర్పులన్నాను. అప్పుడైనా కాళ్ళ మీద పడి చెప్పేస్తే బతికేవారేమో. చెప్పలేదు.

ఊడ్పులప్పుడు చేలో కూలిపోతే మంచం మీద మోసుకొచ్చారు. కాళ్ళు వాచిపోయాయి. పడుకుంటే ఊపిరాడదు, నా భుజానికి ఆనుకుని కూచునేవారు. అలా కూచునే పోయారు.

కర్మ అయ్యాక మా మరిది పిఠాపురం వెళ్ళి, నడివీధిలో వైద్యులు గారి మీద విరుచుకుపడ్డాడట. పథ్యం మాన్పించి మా అన్నని చంపేశావన్నాడట. నేనలా చెప్పలేదు నాయనా అని ఆ పెద్దాయన మొత్తుకున్నారట. ఇంటికొచ్చి ఇదంతా చెప్పి, తప్పించుకోడానికి అబద్ధమాడుతున్నాడు ముసలాడు అన్నాడు మా మరిది. అందరూ అవునన్నారు. నేను మూల గదిలో ముసుగేసుకుని విన్నాను. లేచి ఒక్క మాట అంటే సరిపోయేది. ముసుగు ఇంకా కిందికి లాక్కున్నాను.

ఆ తర్వాత మా వైపు నుంచి ఆయన దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. ఆ చెడ్డపేరుతోనే ఆయనా పోయారు. ఇప్పటికీ మా ఇంట్లో ఆ మాటొస్తే ఆయన్నే తిడతారు, నా మనవలు కూడా.

నన్ను క్షమించమని అడగను. క్షమించాల్సిన ఇద్దరూ లేరు. కానీ ఒక్కసారైనా ఈ మాట నా చేత్తో రాయాలి. పథ్యం విడవమని వైద్యులు గారు అనలేదు. నేనన్నాను.