నాంపల్లిలో ఎన్ని ఇండ్లు?

ఆ రోజుల్లో లోకాన్ని కాపాడే పని నాకొక్కదానికే అప్పజెప్పారని గట్టిగా నమ్మేదాన్ని. వయసు ఇరవై మరి. పొద్దున నాంపల్లిలో డిగ్రీ క్లాసులు, మధ్యాహ్నం నుంచి ఆబిడ్స్ సందులో ఒక లోకల్ కేబుల్ ఛానల్ ఆఫీసులో ఉద్యోగం. (ఉద్యోగమంటే ఫోనెత్తడం, టీ చెప్పడం, టీవీ తెర కింద పరుగెత్తే పుట్టినరోజు శుభాకాంక్షలు టైపు చేయడం.) ఓనరును అందరం కేబులన్న అనేవాళ్లం. ఆడపిల్లల కాలేజీల వాలీబాల్ లీగు మా ఛానల్లోనే లైవ్ వచ్చేది. అందులో మా కాలేజీ కూడా ఉండేది.

ఆ ఏడాది శివార్లలో, అపార్ట్‌మెంట్ల మధ్య ఉన్న ఒక పెద్ద కాలేజీ, తన లీగు వదిలేసి మా లీగులోకి వస్తానంది. టీములు ఎనిమిదే, ఒకటి వస్తే ఒకటి పోవాలి. ప్రకటనలిచ్చే కోఠి చీరల దుకాణం వాళ్లు ఎవరు బాగా ఆడతారని అడగలేదు. ఏ కాలేజీ చుట్టూ ఎన్ని ఇండ్లలో టీవీ చూస్తారని అడిగారు. కేబులన్న గోడమీది మ్యాపులో నాంపల్లి మీద పెన్ను పెట్టాడు. "గీడ ఏమున్నది? స్టేషను, దవాఖాన, కోర్టు, ఆఫీసులు. పొద్దు గూకితే ఎవరింటికి వాళ్లు పోతరు. చూసేటోళ్లెవరు? మీ కాలేజీని తీసేద్దాం. ఏమనుకోకు చెల్లె" అన్నాడు.

ఏమనుకోకుండా ఎలా ఉంటాను? మా కెప్టెన్ పొడుగక్కకు (ఒక ఏడు తప్పి నా క్లాసులోకొచ్చింది కాబట్టి అక్క) అదే ఆఖరి సీజను. రైల్వేవాళ్లు ఆ లీగు మ్యాచులు చూసే స్పోర్ట్స్ కోటాకు పిలిచేవాళ్లు. పిలుపు రాకపోతే ఇంట్లోవాళ్లు ఆమెను మెదక్ తీసుకెళ్లి కుట్టుమిషను ముందు కూర్చోబెడతారని మా అందరికీ తెలుసు. నా నోరు నన్నడగకుండానే తెరుచుకుంది. "మా కాలేజీ సందులనే తొంభై ఇండ్లున్నయన్నా. రాసుకొస్తా" అన్నాను. కాలేజీ పక్కన మూడంతస్తుల లాడ్జి ఉండేది. అంతస్తుకు ముప్పై గదులు, గదికో టీవీ. గది నంబర్లన్నీ ఇంటి నంబర్లుగా కాగితం మీదికెక్కించాను. (పూర్తి అబద్ధమేం కాదు, గదుల్లో మనుషులుంటారు కదా.) కేబులన్న కాగితం చూసి, "మంచిగున్నది. రేపు మీ మ్యాచ్ ఉన్నది గదా, పోయి చూసొద్దాం" అన్నాడు.

మర్నాడు మ్యాచ్ మొదలవకముందే లాడ్జికి పరుగెత్తాను. కౌంటర్లో మేనేజర్ చాచా పాన్ నములుతూ కూర్చున్నాడు. "అన్ని గదులల్ల వాలీబాలే రావాలె చాచా. ఎవరెవరిని బతిమాలాలె?" అన్నాను. "ఎవర్నీ అవసరం లేదు బిడ్డా. కేబుల్ డబ్బా ఒక్కటే, గీడనే ఉన్నది. నేనేం పెడితే పైన అందరికీ అదే వస్తది." అంటే నా తొంభై ఇండ్లూ కలిపి ఒక్క చాచా. పైగా ఆయన, "ఐదున్నర దాంక పెడతా. తర్వాత నా సీరియల్ ఉంటది" అన్నాడు.

కేబులన్న ఐదుంబావుకు వచ్చాడు. చాచా నెత్తిమీది టీవీలో నాలుగో సెట్ నడుస్తోంది. అన్న ఆగకుండా మెట్లెక్కాడు, వెనకే నేను. ప్రతి తలుపు వెనకా మా కామెంటరీయే వినబడుతుంటే ఆయన ముఖం వెలిగిపోతోంది. నేను మాత్రం చేతి గడియారం వదిలి కన్నెత్తితే ఒట్టు. "పోదామా అన్నా?" అని నాలుగుసార్లు అడిగాను. "ఆగు, మూడో అంతస్తు గూడ చూద్దాం" అన్నాడు. మూడో అంతస్తు వరండా మధ్యకు రాగానే, ఐదో సెట్లో, ముప్పై తలుపుల వెనక కామెంటరీ ఒక్కసారే ఆగిపోయింది. ముప్పై గదుల్లోనూ ఒకే కోడలు ఏడుపు అందుకుంది.

కేబులన్న నా వైపు తిరిగాడు. ఇక దాచి లాభం లేదు. "తొంభై కాదన్నా. ఒక్కటే. అది గూడ చాచాది" అని, పొడుగక్క సంగతీ, కుట్టుమిషను సంగతీ ఏడుస్తూ చెప్పేశాను. లోపలి కోడలికి తోడుగా బయట నేను. ఆయన కిందికి దిగి, "గీ నాంపల్లి లాడ్జీలన్నిట్ల గిట్లనేనా?" అని చాచాను అడిగాడు. "అన్నిట్ల గిట్లనే సాబ్."

కేబులన్న కౌంటర్ మీద వేళ్లతో ఏదో లెక్కపెట్టాడు. "అపార్ట్‌మెంటుల ఇంటికో రిమోటు. ఎవడేం చూస్తడో దేవునికే తెల్వాలె. గీడ పదిమంది మేనేజర్లను మంచిగ చేసుకుంటే గదులన్ని మనయే. మీ కాలేజీ ఉంటది తియ్యి" అన్నాడు. తర్వాత, "నువ్వు మాత్రం ఇంకోపారి లెక్కలు రాయకు" అన్నాడు. దవాఖానకూ కోర్టుకూ వచ్చి లాడ్జీల్లో దిగిన మనుషులంతా, పాపం, ఆ సీజను పొడుగునా వాలీబాలే చూశారు.

ఆ సాయంత్రం మేమింకా లాడ్జిలో ఉండగానే పొడుగక్క గ్రౌండ్ నుంచి చెమటతోనే పరుగెత్తుకొచ్చింది. "గెలిచినమే. ఆఖరి పాయింటు నేనే కొట్టిన, ఎనకకు దుంకి. టీవీల మంచిగ కనబడ్డదా?" చూసేవాళ్లను వెతకడంలో పడి ఆరోజు నేను ఒక్క బంతి కూడా చూడలేదు. "కనబడ్డదక్కా" అన్నాను.

ఆమెకు రైల్వేలో ఉద్యోగం వచ్చింది. ఇప్పటికీ నలుగురిలో ఆ పాయింటు మాటెత్తి, "ఇది చూసింది, అడుగున్రి" అని నన్ను ముందుకు తోస్తుంది. నేను వర్ణిస్తాను. ఏడాదికేడాది అక్క ఇంకాస్త పైకి దూకుతోంది. నిజం చెప్పేద్దామని ఎన్నోసార్లు అనుకున్నాను గానీ మనసొప్పదు. ఇన్నేళ్లకు ఆ పాయింటు నాకంత బాగా కనబడుతోంది మరి.