మాకు జడలొచ్చిన ఏడాది

ఆదివారం పొద్దున మా బిడ్డ తలకు రాయడానికి కొబ్బరినూనెలో మందారాకులు వేసి కాస్తుంటే, ఆ పచ్చి వాసన ఇల్లంతా పాకి, హనుమకొండలో నేను పెరిగిన బాలసదనం వరండాలోకి నన్ను లాక్కుపోతుంది. అమ్మ పోయాక మేనమామ నన్ను అక్కడ అప్పగించి వెళ్లాడు. అప్పుడు నాది రెండో తరగతి.

ఆ సదనంలో ఏదీ ఎవరిదీ కాదు. వానాకాలమంతా ఆరీ ఆరని గౌన్లు ముక్కిన వాసనతో ఒకే కుప్పగా పడి ఉండేవి, చేతికి దొరికింది తొడుక్కోవడమే. ఫినాయిలు ఘాటు, నీళ్లచారులో తేలే మిరపకాయ, కాజీపేట దిక్కు నుంచి రైలు కూతలు, మధ్యాహ్నాలు గచ్చు మీద కచ్చకాయల చప్పుడు, ఇవే మా రోజులు. నెలకోసారి మంగలి వచ్చి, పేలు పడతాయని అందరినీ వరుసగా కూర్చోబెట్టి జుట్టు మొదలంటా కత్తిరించేవాడు. బడిలో మా పేర్లు ఎవరికీ అక్కర్లేదు. దూరం నుంచే తలలు చూసి ‘హోం పిల్లలు’ అనేవాళ్లు. బతుకమ్మనాడు తంగేడు, గునుగు పూలు పేర్చి, సత్తుపిండి, మలీద ముద్దలు తినేదాకా బాగానే ఉండేది గాని, మైదానంలో తక్కిన ఆడపిల్లలు జడల్లో బంతిపూలు తురుముకుని తిరుగుతుంటే మేం పువ్వును అరచేతిలో పట్టుకుని నిలబడేవాళ్లం.

మాలో పెద్దది సుజాతక్క, తొమ్మిదో తరగతి. చిన్నపిల్లల ముక్కులు తుడిచేది, జ్వరమొస్తే పక్కన కూర్చునేది ఆమే. నా ఐదో తరగతిలో, బతుకమ్మకు కొద్దిగా ముందు, మంగలి వచ్చిన రోజే జిల్లాకు కొత్తగా వచ్చిన అధికారిణి సదనం చూడవచ్చింది. పెద్దవాళ్లొస్తే చేతులు కట్టుకుని ‘అంతా మంచిగుంది మేడం’ అనాలని వార్డెనమ్మ మాకు నేర్పింది. ఆ మేడం మాత్రం వచ్చి మా పక్కనే గచ్చు మీద కూర్చుంది.

“మీకేం గావాలె బిడ్డా?” అంది.

ఆ మాట మమ్మల్ని అంతవరకు ఎవరూ అడగలేదు. సుజాతక్క లేచింది.

“మా ఎంటికలు కోయించొద్దు మేడం.”

“పేన్లు పడ్తయ్ మేడం. ఇంతమందికి ఎవరు దువ్వుతరు?” అంది వార్డెనమ్మ.

“మాకు మేమే దువ్వుకుంటం. తలా ఒక దువ్వెన, జర నూనె ఇయ్యుండ్రి,” అంది అక్క. “బడిల మమ్ముల మొకం జూసి గుర్తువట్టాలె గని, తలకాయ జూసి కాదు.”

మేడం మంగలి వైపు తిరిగి, “నువ్వు పో అన్నా. వచ్చే ఏడు బతుకమ్మ దాంక చూద్దాం,” అంది.

పేరు చెక్కిన దువ్వెన ఒక్కొక్కరికీ వచ్చింది. నాదంటూ నాకు దొరికిన మొదటి వస్తువు అదే. సాయంత్రాలు వరండా మెట్ల మీద గూడ్సుబండిలా ఒకరి వెనుక ఒకరం కూర్చుని, ముందున్న తల దువ్వేవాళ్లం, పేలు కుక్కేవాళ్లం. మొదట్లో మూతి ముడిచిన వార్డెనమ్మ, ఎండాకాలం వచ్చేసరికి తానే మందారాకులు వేసి కాచిన నూనె గిన్నె పట్టుకొచ్చి, “ఇటు రా పోరీ, పాపిడ వంకరున్నది,” అని పిలిచేది.

మళ్లీ బతుకమ్మకు మా తలల్లో పేలు లేవు. నా జుట్టు రెండు పిలకలకే చాలింది గాని, సుజాతక్కది మెడ మీదికి దిగిన బుల్లి జడ. చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే బంతిపూలు తలల్లోనే నిలిచాయి. ఎవరో పెద్దమ్మ ఆమె గడ్డం పట్టుకుని, “ఎవలి బిడ్డవే, ఇంత సక్కగున్నవ్?” అంది.

“నేను సుజాతను,” అంది అక్క, మైదానమంతా వినబడేలా.

ఆ తర్వాత మాకు అడగడం అలవాటైంది. ఎవరి బట్టలు వాళ్లకు వచ్చాయి, పెట్టుకోను అర వచ్చింది, నెలనెలా పిల్లల మీటింగు వచ్చింది.

ఇప్పుడు నేను అలాంటి సదనాలను చూసివచ్చే కమిటీలో ఉన్నాను. మొన్న ఒకచోట, నా నడుం దాకా కూడా రాని పిల్ల సూపరింటెండెంటు ముందే, “సాంబార్ల ఉప్పెక్కువైతాంది మేడం. నిన్న గూడ చెప్పిన,” అంది. ఆమె కోప్పడలేదు. “చెప్పింది నిజమే. ఇయ్యాల నేనే రుచి జూస్త,” అంది. ఒకే కుప్పగా పడి ఉండే గౌన్లు ఇప్పుడు ఎక్కడా కనబడవు, నెలనెలా వచ్చే కత్తెరా లేదు, చేతులు కట్టుకుని అబద్ధం చెప్పే వరుసా లేదు. ఆ పిల్ల మాత్రం అక్కడి నుంచి కదల్లేదు, వంటింట్లోంచి గిన్నె వచ్చేదాకా నిలబడి, సూపరింటెండెంటు ఒక చెంచా నోట్లో పెట్టుకోగానే, “చెప్పలే?” అంది.