సెల్‌లో లేని కాయిల్

వరదానం గారికి భీమడోలులో పాతికేళ్లపాటు రేడియోలు, టీవీలు బాగుచేసే షాపు ఉండేది. పాడైనవి పక్కన పడేసి జనం కొత్తవి కొనుక్కోవడం మొదలుపెట్టాక ఆయన షాపు మూసేసి, తాడేపల్లిగూడెంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో టెక్నీషియన్‌గా చేరారు. యంత్రాల విషయంలో ఆయనది ఒకటే పట్టు. ఒక ప్రశ్నకు యంత్రం ఒకే జవాబు చెప్పాలి. రెండు చెప్పిందంటే ఎక్కడో వైరు వదులైనట్టే.

అందుకే శ్రీదుర్గ సెల్ ఆయన్ని అంత ఇబ్బందిపెట్టింది.

శ్రీదుర్గ ఏలూరు అమ్మాయి. అదే ల్యాబులో పీహెచ్‌డీ చేస్తోంది. పెరోవ్‌స్కైట్ అనే పదార్థాన్ని గాజుపలక మీద పల్చగా పూసి సోలార్ సెల్‌లు తయారుచేస్తుంది. సెల్ మీద లైటు వేసి, వోల్టేజీ కొంచెం కొంచెంగా పెంచుతూ కరెంటు ఎంతొస్తోందో కొలుస్తుంది. పైదాకా వెళ్లాక మళ్లీ తగ్గిస్తూ కొలుస్తుంది. మామూలు సెల్ అయితే ఎక్కిన దారినే దిగాలి. ఇది మాత్రం ఎక్కేటప్పుడు ఒక గీత, దిగేటప్పుడు ఇంకో గీత గీస్తోంది.

వరదానం గారు వైర్లు మార్చారు. మీటరు మార్చారు. చివరికి బల్ల కూడా మార్చారు.

"తప్పు మీటరుది కాదండి వరదానం గారూ," అంది శ్రీదుర్గ. "లోపల అయాన్లు మెల్లగా కదులుతుంటాయి. అంతకుముందు వోల్టేజీ ఎంతుందో సెల్ అంత తొందరగా మరిచిపోదు. దీన్నే హిస్టెరిసిస్ అంటారు."

"మరిచిపోడానికి ఎంతసేపు పడుతుందండీ?"

"పదో ఇరవయ్యో సెకన్లండి."

"నయమేనండి. మా తోడల్లుడికి పదిహేనేళ్లయినా మరుపు రాలేదు."

శ్రీదుర్గ చేయాల్సిన పని ఏమిటంటే, రెసిస్టర్లు, డయోడ్, కెపాసిటర్లు కలిపి ఒక సర్క్యూట్ గీయాలి. అది అచ్చం ఆ సెల్‌లాగే ప్రవర్తించాలి. అప్పుడు లోపల ఏం జరుగుతోందో అర్థమైనట్టు. ఆ మాట విన్నాక వరదానం గారికి ప్రాణం లేచొచ్చింది. సమీకరణాలంటే ఆమడ దూరం పారిపోయే మనిషి, సర్క్యూట్ బొమ్మను మాత్రం పేపరు చదివినంత తేలిగ్గా చదువుతారు.

వోల్టేజీ వేగంగా మార్చి కొలిస్తే కెపాసిటర్ పెట్టిన బొమ్మ చక్కగా సరిపోయింది. నెమ్మదిగా కొలిచినప్పుడే చిక్కొచ్చింది. పైనుండాల్సిన గీత కిందికి, కిందిది పైకి వచ్చాయి. "ఇంకో కెపాసిటర్ పెట్టు," అన్నారు ఆమె గైడు ప్రొఫెసర్ మధుబాబు గారు. పెట్టింది. అలా ఐదు పెట్టింది. గీతలు మాట వినలేదు.

"కాయిల్ పెట్టి చూడండమ్మా," అన్నారు బల్ల తుడుస్తున్న వరదానం గారు. "కెపాసిటర్‌లో కరెంటు ముందే ఉరుకుతుందండి. కాయిల్‌లో వెనకబడుతుంది. మీక్కావాల్సింది వెనకబడేదే కదండీ."

మధుబాబు గారు నవ్వారు. "ఆ పొర మందం వెంట్రుకలో వందో వంతు కూడా ఉండదయ్యా. అందులో కాయిల్ ఎక్కడుంది?"

"మరి ఈ ఐదు కెపాసిటర్లు ఎక్కడున్నాయండీ?"

ప్రొఫెసర్ గారు ఏదో మీటింగు గుర్తొచ్చి వెళ్లిపోయారు.

వరదానం గారికి కంప్యూటర్ మీద నమ్మకం లేదు. చేత్తో చేస్తేనే నిజమని ఆయన లెక్క. పాత స్టెబిలైజర్ ఇనుప రేకులు తీసి, వాటి మీద రెండు వారాలు ఇంట్లో రాగి తీగ చుట్టారు. చుట్లు లెక్కపెట్టే పని భార్య హన్నమ్మ గారిది. పక్కింటి యేసమ్మ వచ్చి "ఏం చేస్తన్నారండీ?" అని పలకరించినప్పుడల్లా లెక్క పోయేది. మళ్లీ మొదటినుంచి.

తయారైన కాయిల్ పెద్ద గుమ్మడికాయంత ఉంది. దాన్ని బియ్యం సంచిలో పెట్టుకుని రైలెక్కారు. తాడేపల్లిగూడెం ప్లాట్‌ఫాం మీద రైల్వే కానిస్టేబుల్ ఆపాడు.

"ఏంటండీ ఇది?"

"సోలార్ సెల్ అండి."

కానిస్టేబుల్ సంచి ఎత్తబోయి, ఎత్తలేక వదిలేశాడు. "సోలార్ సెల్ ఇంత బరువుంటదాండీ?"

"అచ్చంగా సెల్ కాదండి. సెల్‌కి సమానమైన సర్క్యూట్ అండి. అందులో ఇదొక్కటే ముక్కండి. నిజానికి సెల్‌లో ఇది ఉండదండి."

"ఉండనిది ఎందుకు తీసుకెళ్తన్నారండీ?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి గంట పట్టింది. చివరికి శ్రీదుర్గ స్టేషన్‌కొచ్చి విడిపించుకెళ్లింది.

ల్యాబులో కొలిచి చూస్తే రెండు హెన్రీలు తేలింది. హెన్రీ అంటే కాయిల్ బలానికి కొలత. శ్రీదుర్గ కాగితం మీద లెక్కేసింది. "మనకి పదిహేను వందలు కావాలండి."

"అంటే ఇలాంటివి ఎన్నండీ?"

"ఏడువందల యాభై."

వరదానం గారు కాయిల్‌ని మళ్లీ సంచిలో పెట్టేశారు. "మా ఆవిడ ఒప్పుకోదండి."

నవ్వుకుంటూనే శ్రీదుర్గ కంప్యూటర్‌లో ఆ కాయిల్ గీసి, పదిహేను వందలు అని టైపు చేసింది. లెక్క కట్టిన గీతలు రెండూ వెళ్లి కొలిచిన గీతల మీద కూర్చున్నాయి. వరదానం గారు కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశారు. మధుబాబు గారు వచ్చి, నిలబడే ఐదు నిమిషాలు చూసి, "సరే, కాయిల్ ఉంచండి. కానీ అది నిజం కాయిల్ కాదని కింద ఒక వాక్యం రాయమ్మా," అన్నారు.

ఆర్నెల్లకు ఒక సైన్సు జర్నల్‌లో శ్రీదుర్గ పేపరు అచ్చయింది. కృతజ్ఞతల్లో వరదానం గారి పేరుంది. శ్రీదుర్గ ఒక కాపీ తెచ్చి చేతికిచ్చింది. ఆయన దాన్ని ఇంటికి తీసుకెళ్లి, తన పేరు హన్నమ్మ గారికి చూపించి, బొమ్మలన్నీ పెన్సిల్ పట్టుకుని చదివారు. మర్నాడు పొద్దున్నే ల్యాబుకొచ్చి మొహమాటపడుతూ నిలబడ్డారు.

"అమ్మా, మరేం అనుకోకండి. మూడో బొమ్మలో డయోడ్ తిరగేసి గీశారండి."

నిజమే. జర్నల్ తరఫున ముగ్గురు ప్రొఫెసర్లు పరిశీలించి ఒప్పుకున్న పేపరు అది. శ్రీదుర్గ ఆ రోజే సవరణ రాసి పంపింది. మధుబాబు గారు రెండు రోజులు ల్యాబు వైపు రాలేదు.