దొరబాబు గొంతు

తుని చుట్టుపక్కల నాటకాల్లో పదేళ్లు వేషాలు కట్టిన సోమరాజు, తొంభై రెండులో బహ్రెయిన్‌లోని అస్కర్ లేబర్ క్యాంపుకి వచ్చాక ఒక అమెరికావాడికి గొంతయ్యాడు.

శుక్రవారం సెలవు. అన్నాలయ్యాక మెస్సు గదిలో వీడియో పెట్టేవారు. తెలుగు క్యాసెట్లు అరిగి గీతలు పడ్డాక, మనామాలో కొట్టువాడు ఇంగ్లీషువి అంటగట్టాడు. అన్నిట్లోనూ ఒకడే హీరో. పొడుగాటి మనిషి, గడ్డం మీద గాటు. వాడి పేరు ఎవరికీ నోరు తిరగలేదు. దొరబాబన్నారు. సోమరాజు టీవీ పక్కన స్టూలేసుకుని, వాడు పెదవి కదిపినప్పుడల్లా తెలుగులో మాట్లాడేవాడు.

అలా మాట్లాడి మాట్లాడి దొరబాబుకి ఒక బతుకే అల్లాడు. పశువులు కాసిన కుర్రాడు పోలీసయ్యాడు, పెళ్లాం పోయింది, తాగుడు మరిగాడు. క్యాసెట్లు మాత్రం వరస తప్పి వచ్చేవి. ఒక వారం నెరిసిన జుట్టు, మరు వారం నల్లగా నిగనిగలాడేది.

"ఏటి మావా, ఈడికి వయసు ఎనక్కెళ్తందేటి?" అనేవాడు లోవరాజు.

"రంగేసుకున్నాడ్రా. అమెరికాలో రంగుకి కరువా?"

అందరికన్నా గట్టిగా లోవరాజే నవ్వేవాడు. అతను అదే క్యాంపులో పనిచేసే అచ్చిబాబుకి తమ్ముడు. వీసా తీయించి తెచ్చింది అన్నే.

తొంభై ఆరు జూలైలో ఒక పొద్దున లోవరాజు గుండె పట్టేసినట్టుందని కూలబడ్డాడు. ఒళ్లంతా చెమట. క్లినిక్కులో డాక్టరుకి అరబ్బీ, ఇంగ్లీషు తప్ప రావు. అచ్చిబాబు మరో ఆలోచన లేకుండా సోమరాజుని డ్యూటీలోంచి లాక్కొచ్చాడు.

డాక్టరు ఏదో అడిగాడు. సోమరాజు "ఎస్సార్" అన్నాడు. ఇంకేదో అడిగాడు. "నో సార్" అన్నాడు. డాక్టరు చాలాసేపు మాట్లాడి, చీటీ రాసి లోవరాజు చేతిలో పెట్టాడు.

"ఏటన్నాడు మావా?"

"గ్యాసంటరా. మజ్జిగ తాగి డ్యూటీకి పోవచ్చంట."

"హాస్పిటలని ఏదో అన్నాడు కదా?" అన్నాడు అచ్చిబాబు.

"ఇది హాస్పిటలే కదరా! ఇక్కడికొచ్చి మంచి పని సేశారన్నాడు."

తడబాటు లేదు. ప్రతి శుక్రవారం వినే గొంతే. అచ్చిబాబు గుండె నిబ్బరపడింది.

మూడో రోజు లోవరాజు పైపు భుజాన పెట్టుకుని పడిపోయాడు. మళ్లీ లేవలేదు. చొక్కా జేబులో చీటీ అలాగే ఉంది. స్టోరులో మలయాళీ భాయ్ దాన్ని చదివి, రెండోసారి చదివి, తలెత్తకుండా చెప్పాడు. గుండె పరీక్షకి ఆ రోజే మనామా పెద్దాసుపత్రికి వెళ్లాలని ఉంది. బరువు ఎత్తకూడదని ఉంది.

అచ్చిబాబు సోమరాజు కాలరు పట్టుకున్నాడు.

"నాకింగ్లీసొచ్చని నేనెప్పుడైనా అన్నానేటల్లుడా?" అన్నాడు సోమరాజు. "మీరే అన్నారు. డాక్టరు ముందు రాదనడానికి నోరు రాలేదు."

నిజమే. అతను ఎప్పుడూ అనలేదు. నాలుగేళ్లలో ఒక్కడూ అడగలేదు. అచ్చిబాబు చేతులు వదిలేశాయి గానీ కోపం ఎక్కడికీ పోలేదు.

శవాన్ని విమానమెక్కించిన వారం మళ్లీ క్యాసెట్ పెట్టారు. దొరబాబు ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. పక్కన నిలబడి డాక్టరు మాట్లాడుతున్నాడు. వెనక గోడకి ఆనుకుని కూర్చున్న సోమరాజు ముందుకి రాలేదు. అచ్చిబాబే లేచి, స్టూలు తెచ్చి టీవీ పక్కన వేశాడు.

"రా మావా, కూకో. ఆ డాక్టరేటంటన్నాడో సెప్పు."

ఎవరూ నవ్వలేదు.

"సెప్పు మావా."

"తెలీదురా," అన్నాడు సోమరాజు.

టీవీలో డాక్టరు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.