ముక్కు నేలకు రాయించిన రోజు

మా బావ కోరుట్లలో కాలేజీ లెక్చరర్. దేవుడు లేడని ఎవరితోనో ఒకరితో చెప్పనిదే ఆయనకు పూట గడవదు. మా అక్క నాతోపాటు సిరిసిల్లలో, మరమగ్గాల చప్పుళ్ల మధ్య పెరిగింది. సోమవారం వచ్చిందంటే రాజన్న గుడికని వేములవాడ బస్సెక్కాల్సిందే. పెళ్లయిన కొత్తలో ఇద్దరికీ అదో సరసం.

"మీ రాజన్నకు నా నమస్తే చెప్పు" అనేవాడు బావ.

"చెప్పిన. నువ్వెవరో గుర్తువట్టలే" అనేది అక్క.

రెండోసారి కడుపు పోయాక ఆ నవ్వులు ఆగిపోయాయి. అక్క పిల్లల కోసం మొక్కుకుని, వేములవాడ గుడిలో ఆనవాయితీ ప్రకారం కోడెను కట్టి వచ్చింది.

ఆ ఎండాకాలం జగిత్యాలలో మూఢనమ్మకాల మీద సభ పెట్టారు. బావ ప్రధాన వక్త. అక్కనూ నన్నూ తనే కారులో తీసుకెళ్లి ముందు వరుసలో కూర్చోబెట్టాడు. బాగా మాట్లాడాడు. జనం ఊపు మీదున్నారు. అప్పుడు చెయ్యెత్తి అక్కను చూపించాడు.

"దూరమెందుకు, గీ ముచ్చట మా ఇంట్లనే ఉన్నది. పిల్లలు కావాలని మా ఆమె కోడెను కట్టింది. కోడెకు గడ్డి దొరికింది. మాకు పిల్లలే దొరకలే."

హాలంతా గొల్లున నవ్వింది. వెనక వరుసల వాళ్లు లేచి నిలబడి మరీ చూశారు. అక్క ముఖం మీద నవ్వు అలాగే ఉంచుకుంది. నా మోకాలి మీదున్న ఆమె చేతి గోళ్లు మాత్రం నా చీర మీంచే గుచ్చుకున్నాయి.

తిరిగొస్తూ బావ అడిగాడు, "మంచిగ మాట్లాడిన గదా?"

"మంచిగ మాట్లాడినవ్" అంది అక్క, కిటికీలోంచి బయటికి చూస్తూ.

మరుసటేడు శివరాత్రి ముందు బావ ఫోనులో శివుడి మీద ఏదో వెటకారంగా రాసి అందరికీ పంపాడు. మర్నాడు పొద్దున్నే ఇంటి ముందు బండ్లు ఆగాయి. నేనప్పుడు అక్క దగ్గరే ఉన్నాను. వచ్చినవాళ్లలో సగం మంది బావ దగ్గర చదువుకున్న పిల్లలే. అందుకేనేమో, కాలర్ పట్టుకుని లాగుతూ కూడా "సార్, సార్" అంటూనే ఉన్నారు. పక్క దుకాణంలో దర్జీ పని చేసే ముస్లిం పెద్దమనిషి, రోజూ బావతో చాయ్ తాగే ఆయనే, గబగబా షట్టర్ దించేసుకున్నాడు. ఆయన్ని తప్పుపట్టలేను. ఆ గుంపు కంట పడకపోవడమే ఆయనకు క్షేమం.

గల్లీ చివరి గుడి ముందు బావను మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. చుట్టూ ఫోన్లు లేచాయి.

"ముక్కు నేలకు రాసి, తప్పయిందని ఒక్కమాట అనుండ్రి సార్. ఇడిసిపెడ్తం."

బావ, వెంట పరిగెత్తిన మా ముందే రెండు చేతులూ జోడించాడు. నేలకేసి వంగాడు. "తప్పయింది" అన్నాడు. గుంపు కాస్త చల్లబడింది. ఎవరో "ఇగ సాలు తియ్‌రా" అన్నారు కూడా. అప్పుడు నా పక్క నుంచి అక్క గొంతు వినిపించింది. అరవలేదు. కూరలో ఉప్పు చాలలేదన్నట్టు అంది.

"ముక్కు నేలకు ఆనలే."

ఒకడు బావ మెడ మీద చెయ్యి వేసి అదిమాడు. సిమెంటు గచ్చు మీద అటూ ఇటూ రాయించాడు. బావ తలెత్తేసరికి ముక్కు తోలు లేచిపోయి, పెదవి మీదికి నెత్తురు కారుతోంది. ఆయన వాళ్లనెవరినీ చూడలేదు. అక్కను చూశాడు.

నాలుగు రోజులకు జగిత్యాల నుంచి సభలు పెట్టే మిత్రులు వచ్చారు. బావ ఎదురెళ్లి చేతులు పట్టుకున్నాడు. వాళ్లు మెల్లగా విడిపించుకున్నారు.

"నువ్వు మొక్కిన వీడియో ఊరంత తిరుగుతుంది. మా ఇజ్జత్ పోయింది. ఇగ నువ్వు మీటింగులకు రాకు."

"నా మెడ వట్టి వంచిండ్రు" అన్నాడు బావ.

"వంచకముందే చేతులు జోడించినవ్. అందరం చూసినం."

అక్క ఇచ్చిన చాయ్ ముట్టకుండానే వెళ్లిపోయారు. వాళ్ల చెప్పుల చప్పుడు ఆగాక బావ అడిగాడు, "నువ్వెందుకన్నవ్ గా మాట?"

అక్క కప్పులు తీస్తూ, "గంత మంది ముందట మాట్లాడుడు నీ దగ్గరనే నేర్చుకున్న" అంది.

విడిపోతారనుకున్నాను. విడిపోలేదు. ఇప్పుడు ప్రతి సోమవారం బావే బండి మీద అక్కను వేములవాడ తీసుకెళ్తాడు. మొన్న నేనూ వెళ్లాను. అక్క దర్శనం చేసుకుని వచ్చేదాకా ఆయన ఎండలో, హెల్మెట్ తీయకుండా నిలబడ్డాడు. అక్క వచ్చి, "తియ్యి" అంది. తీశాడు. నుదుటి మీద బొట్టు పెట్టి, కొబ్బరి ముక్క నోట్లో పెట్టింది. ఆయన నమిలాడు.

అక్క నా వైపు తిరిగి, "సూడు, ఎంత మంచిగయిండో" అంది.

బావ బండి స్టార్ట్ చేసి, అక్క ఎక్కడం కోసం కాలు నేలకు ఆన్చి నిలబడ్డాడు.